నీసు పట్టణమునుండి వచ్చిన కోడండ్రు

మేముండు పల్లె శంషాబాదునకు క్రోసెడు దూరమున నున్నది. ఉదయమున అరుగుమీద కూర్చుండి పంచాంగము విప్పితినేని, తిథి చూచి నక్షత్రము చూచులోపల రెండు విమానములైనను నెత్తిమీదుగా పోవును. 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీనుండి బేగంపేటలోని పాత విమానాశ్రయమునకు బదులుగా ఇచ్చటి విమానాశ్రయము నడచుచున్నది. సుమారు 5,500 ఎకరముల నేల దానిక్రిందికి పోయినది. ఆ నేలలో జొన్న వేసి ఆముదము తీసినవారు నేటికిని మాలో ఉన్నారు. వారిలో ఒక పెద్దమనిషి నన్నొకనాడు ప్రశ్నించెను. ఎక్కడి రాజులో ఎక్కడికో ప్రయాణమైరని పత్రికలవారు అన్నేసి బొమ్మలు వేయుదురుగదా, మన రాజుల బిడ్డలు ఏనాడును సముద్రము దాటలేదా, దాటియుండిన అప్పుడు ఎవరేమనుకొనిరి అని. ఆ ప్రశ్నకు నేను చెప్పిన సమాధానమునే కొంత సవరించి మీకు విన్నవించుచున్నాను.

ఆయన చూచిన బొమ్మలు ఇంగ్లండు రాజవంశమువారివి. 2014వ సంవత్సరము ఏప్రిలులో విలియము రాకుమారుడు, అతని భార్య కేటు, ఎనిమిది నెలల పసివాడు జార్జి న్యూజిలాండునకును ఆస్ట్రేలియాకును పోయిరి. పసివానితో నిద్దరు తల్లిదండ్రులు ప్రయాణము చేయుటలో వింత యేమున్నది? ఐనను ప్రపంచమంతట పత్రికలు ఆ బిడ్డ తొడిగిన చొక్కాయినిగూడ వర్ణించినవి. ఆ సంవత్సరముననే ఫిబ్రవరిలో కేటు ఒక వజ్రాల హారము ధరించి సభకు రాగా, అది 1947లో ఎలిజబెత్తు పెండ్లికి మన నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ బహూకరించిన హారమని అందరును చెప్పుకొనిరి. హారము మనదైనందున మనవారికిని కొంచెము గర్వము కలిగెను. నాకును కలిగెనని దాచక చెప్పుచున్నాను.

ఇక మన కథకు వత్తును. దీనిని హైదరాబాదులో మొదలుపెట్టరాదు. బొంబాయి రేవులో మొదలుపెట్టవలెను.

1921వ సంవత్సరము నవంబరు 17వ తేదీన ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డు బొంబాయిలో ఓడ దిగెను. వయస్సు ఇరువదియేడు. చూపరి, నవ్వుమొగమువాడు. పంజాబులో జలియన్‌వాలాబాగు రక్తము ఇంకను ఆరలేదు. ఖిలాఫతు ఉద్యమము జోరుగా సాగుచుండెను. ఖిలాఫతన నేమని ఇప్పటి పిల్లలు అడుగుదురు గావున ఒకమాట చెప్పెదను. తురుష్కదేశపు సుల్తాను ముసల్మానులకు ఖలీఫా, అనగా మతవిషయమున ప్రపంచ ముసల్మానులకు పెద్ద. మొదటి మహాయుద్ధములో తురుష్కము ఓడిపోయినందున, ఆ ఖలీఫాకు అపచారము చేయరాదని మనదేశపు ముసల్మానులు ఇంగ్లీషువారిమీద ఆందోళనకు దిగిరి. గాంధిమహాత్ముడు వారితో చేయి కలిపెను. హిందువులును ముసల్మానులును ఒక్కటై యువరాజు రాకను బహిష్కరించిరి. ఆనాడు పరేలులో గాంధిగారు విదేశ వస్త్రములను గుట్టగా పోయించి నిప్పంటించిరి. మరొక ప్రక్క యువరాజును చూడబోయినవారిమీద అల్లరిమూకలు పడినవి. ఏబదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. గాంధిగారు మనసు విరిగి నిరాహారదీక్ష వహించిరి. 1922 జనవరి 13న యువరాజు మద్రాసు చేరినప్పుడును అంగళ్లు మూతబడినవి, వీధులలో గలాటాలు జరిగినవి.

ఆ నెలలోనే ఆయన హైదరాబాదునకును వచ్చెను. ఇచ్చట అంగళ్లు మూయలేదు. ఇచ్చటి ప్రజకు కోపతాపములు లేక కాదు. 1920లో ఖిలాఫతు సభలు మన నగరములోను జరిగియుండెను. కాని సర్కారువారు సభలమీద కట్టడి పెట్టిరి. దానివలన ముందుగా అనుమతి పొందక సభ పెట్టుటకు వీలు లేకపోయెను. పెద్దలలో కొందరికి "గస్తీ నిషాన్ తిర్పన్" అను మాట జ్ఞాపకముండును. ఊరిలో గ్రంథాలయ వార్షికోత్సవము జరుపుకొనవలెనన్నను దరఖాస్తు పెట్టుకొనవలసినదే. ఇట్టిచోట యువరాజునకు స్వాగతము లోపము లేకుండ జరిగెననగా అందులో ప్రజల మనసెంత, సర్కారు కట్టడి యెంత అని తూచి చెప్పుట యెవరి తరము? నిజామునకు ఇంగ్లీషువారిచ్చిన బిరుదములలో "బ్రిటిషు ప్రభుత్వమునకు విశ్వాసపాత్రుడగు మిత్రుడు" అనునది యొకటి. ఆ బిరుదమునకు తగినట్లే ఆతిథ్యము నడచినది.

ఇది జరిగిన పదియేండ్లకు అదే రేవులో మన రాజకుటుంబము దిగెను. నడుమ ఏమి జరిగినదో తెలిసినగాని దాని రుచి తెలియదు.

ఏ ఖలీఫా పేరిట బొంబాయి ప్రజలు ఇంగ్లీషు యువరాజును బహిష్కరించిరో, ఆ ఖలీఫా పదవిని తురుష్కులే తీసివైచిరి. 1922 నవంబరులో సుల్తాను పదవి పోయెను. అబ్దుల్ మజీదు అనువాని నొట్టి ఖలీఫాగా నిలిపిరి. 1924 మార్చి 3వ తేదీన ఆ పదవినిగూడ రద్దుచేసి, ఉస్మానీ వంశమువారి నందరిని దేశము వెడలగొట్టిరి. ఆరువందల యేండ్లు ఏలిన వంశము పెట్టెలు సర్దుకొని రైలెక్కెను. ఖలీఫాకు దుర్రు షెవార్ అను కూతురు. 1914లో పుట్టినది, అప్పటికి పదియేండ్ల పిల్ల. వారు మొదట స్విట్జర్లాండునకును, పిదప ఫ్రాన్సుదేశపు సముద్రతీరమందలి నీసు పట్టణమునకును చేరిరి. మన నిజాము ఆయనకు నెలకు మూడువందల పౌనులు జీవితాంతము ఇచ్చునట్లు ఏర్పాటుచేసెను. ఖలీఫా చక్కని చిత్రకారుడు, సంగీతజ్ఞుడు. పరదేశములో ఆయనకు మిగిలినవి కుంచె, పియానో, కూతురు.

ఆ కూతురును హైదరాబాదు యువరాజగు ఆజం జాహికి ఇచ్చుటకు సంబంధము కుదిరినది. మధ్యవర్తులలో ముఖ్యుడు ఖిలాఫతు ఉద్యమ నాయకుడు షౌకత్ అలీ. రెండవ కుమారుడు ముఅజ్జం జాహికి నీలోఫరు అను పిల్లను నిశ్చయించిరి. ఆమెయును ఆ వంశపుదే. సుల్తాను అయిదవ మురాదునకు మునిమనుమరాలు. పసితనముననే తండ్రిని పోగొట్టుకొని తల్లి చాటున నీసులో పెరుగుచుండెను. 1931 నవంబరు 12వ తేదీన ఆ పట్టణములోనే ఇరువురి వివాహములును జరిగెను. పెద్దకోడలికి పదునేడేండ్లు. చిన్నకోడలికి పదునాఱు నిండలేదు. వరులకు ఇరువదినాలుగు, ఇరువదిమూడు. మామగారగు నిజాము పెండ్లికి పోలేదు.

ఈ పెండ్లినిగురించి పుట్టిన మాటలు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధముగ నుండెను. ఐరోపా పత్రికలవారికి ఇది అరేబియా రాత్రుల కథ. ప్రపంచమందలి ధనికులలో అగ్రగణ్యుడని పేరుపడిన నిజాము, సింహాసనము పోయిన ఖలీఫా, అందగత్తెలగు పడుచులు, సముద్రతీరము. ఇంతకంటె ఏమి కావలెను? ఆ తరువాత 1937 ఫిబ్రవరిలో అమెరికాలోని "టైమ్" పత్రిక నిజాము బొమ్మను ముఖపత్రమున వేసినప్పుడును వర్ణించినది ఆయన ధనమునే. ఉత్తరహిందూస్థానపు ముసల్మాను నాయకులలో కొందరు ఖిలాఫతు దీపము ఢిల్లీలో గాకున్నను దక్కనులో వెలుగునని ఆశపడిరి. ఖలీఫా మనుమడు హైదరాబాదు నవాబగునప్పుడు ఆ రెండు పదవులును ఒకచోట చేరవా యని వారి లెక్క. ఆ లెక్క ఇంగ్లీషు దొరలకును తోచినది. తోచినందుననే వారు ఈ సంబంధమును అనుమానముతో చూచిరి. మిత్రుడు విశ్వాసపాత్రుడే గాని, మిత్రుని మనుమడు ఖలీఫా అగుట వారికి రుచింపదుగదా. నాకు వినోదముగ తోచు విషయ మొకటి కలదు. ఆ వంశమునకు మూలపురుషుడు ఉస్మాను. మన నిజాము పేరును ఉస్మాను. పేర్లు కలియుటయే శుభశకునమనుకొను మనబోటి వారికి ఇంతకుమించిన పొంతన వేరొకటి అక్కరలేదు.

1931 డిసెంబరులో నూతనవధూవరులు ఇటలీ దేశపు వెనీసు రేవులో "పిల్స్నా" అను ఓడ ఎక్కిరి. కోడండ్రకు చీర కట్టుట, హైదరాబాదు దర్బారు మర్యాదలు నేర్పించిరి. డిసెంబరు 14వ తేదీన బ్రిండిసి రేవులో అదే ఓడను మరియొక ప్రయాణికుడు ఎక్కెను. ఆయనకు చీర సింగారించుటతోగాని దర్బారు మర్యాదలతోగాని పనిలేదు. మోకాళ్లదాక ఖద్దరు, పైన శాలువ. గాంధిమహాత్ముడు లండనులో రెండవ రౌండుటేబిలు సమావేశము ముగించుకొని రిక్తహస్తములతో మరలి వచ్చుచుండెను. ఆ సమావేశములోనే హైదరాబాదు పక్షమున అక్బరు హైదరీగారును కూర్చుండియుండిరి.

పెద్దలారా, ఈ ఘట్టముకడ నన్ను కొంచెము నిలువనిండు. ఖిలాఫతు కొఱకు కోట్ల హిందువులను ముసల్మానులకు తోడుగ నడిపించిన మనిషి ఒకరు. ఆ ఖిలాఫతు కన్నబిడ్డ మరియొకరు. ఇద్దరును ఒక ఓడ చెక్కలమీద పదునాలుగు దినములు ప్రయాణము చేసిరి. వారు కలిసికొనిరని చెప్పుదురు. ఏమి మాటలాడుకొనిరో నాకు తెలియదు. తెలియనిదానిని కల్పించుట చరిత్ర చెప్పువానికి తగదు. పదునేడేండ్ల కోడలు క్రొత్తగా కట్టిన చీర కుచ్చెళ్లు సర్దుకొనుచు ఆ మహానుభావునికి నమస్కరించియుండునని మాత్రము, ఆడపిల్లల తండ్రిని గనుక, మనసులో ఊహించుకొందును.

డిసెంబరు 28వ తేదీన ఓడ బొంబాయి చేరెను. రేవులో జనసముద్రము. ఆ జనము వచ్చినది గాంధిగారికొఱకు. రాజకుటుంబమునకు నిజాము ప్రత్యేకపు రైలు సిద్ధముగ నుండెను. వారు దానిలో హైదరాబాదునకు వచ్చిరి. 1921లో ఇదే నగరములో రాజకుమారుని రాకను నిరసించి నిప్పు రాజవైచిరి. 1931లో రాజకుమారులను ఎవరును నిరసింపలేదు. చూడవలసినవాడు వేరొకడున్నందున వారివైపు తిరిగి చూచినవారును కొద్దిమందియే. ఆ రెండును రాజులకు జనులిచ్చిన సమాధానములే. వీనిలో ఏది ఘాటైనదో మీరే యోచింపుడు.

తరువాత వారము తిరుగకమున్నే జరిగిన విషయము వినుడు. 1932 జనవరి 4వ తేదీ తెల్లవారకమునుపే బొంబాయిలో గాంధిగారిని నిర్బంధించి ఎరవాడ జైలునకు గొనిపోయిరి. ఆ దినముననే అత్యవసర శాసనములు ప్రకటించి పత్రికల నోళ్లు నొక్కిరి. ఆ జనవరి 4వ తేదీననే హైదరాబాదులో చౌమహల్లా మహలులో నూతనదంపతులకు గొప్ప విందు. ఒక ఓడలో వచ్చినవారిలో ఒకరు చెరసాలకును, కడమవారు దీపాల తోరణముల నడుమకును చేరిరి. జాతకములు చూచువాడను గనుక, ఒక ముహూర్తమున నౌక దిగినవారికి ఫలములింత వేరుగ నుండుట యెట్లని నేను పలుమారు తల గోకికొంటిని.

మరి మన పత్రికలు? సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక 1926నుండి హైదరాబాదులో వారమునకు రెండుమారులు వెలువడుచుండెను. తెలంగాణమున తెలుగు చదువగలవారికి అదియే కన్ను, అదియే చెవి. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ, 1931లో దేవరకొండలో రెండవది జరిగియుండెను. ప్రజకు మాటలాడవలెనన్న కోరిక పుట్టిన దినములవి. అయినను రాజకుటుంబమునుగూర్చి ఒక కఠినవాక్యము వ్రాయుటకు ఈ రాజ్యములో ఏ పత్రికకు సాధ్యము? అవతల, ఇంగ్లీషువారి యేలుబడిలోని ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక మొదలగువాని కైనను చేయి పూర్తిగా విడుపు లేదు. స్వదేశ సంస్థానాధిపతులమీద అప్రీతి కలిగించు వ్రాతలను శిక్షించుటకు 1922లో ఒక చట్టము చేసియుంచిరి. శాసనసభ ఒప్పుకొననప్పటికిని రాజప్రతినిధి తన విశేషాధికారముచేత దానిని అమలుపరచెను. ఆవలిగట్టున గాంధిగారినిగూర్చి వ్రాయరాదు. ఈవలిగట్టున నిజామునుగూర్చి వ్రాయరాదు. ఇక అచ్చైన కాగితములలో ప్రజాభిప్రాయమును వెదకుట ఎండిన బావిలో చేద వేయుట వంటిది. నేను ఇప్పుడు మాటలాడుచున్న ఈ రేడియోయైన అప్పుడు మన రాజ్యమున లేదు. సర్కారువారు రేడియో కేంద్రమును చేపట్టినది 1935లో.

కావున నేను చేదను మా యింటి బావిలోనే వేసితిని. మా తాతగారు ఈ ప్రాంతమున వీధిబడి నడపుచుండెడివారు. ఇసుకలో అక్షరములు దిద్దించుట, బాలరామాయణము వల్లెవేయించుట, పండుగలకు స్వయంపాకము తెచ్చుకొనుట ఆయన జీవనము. శంషాబాదు అప్పుడు పాయిగా ప్రభువుల జాగీరులోనిది. ఆ పేరే షంసుల్ ఉమరా అను వారి బిరుదమునుండి వచ్చినది. ప్రభువులలో సూర్యుడని దాని యర్థము. ఊరికి ఒకే గోలకొండ పత్రిక, అది పటేలు గారింటికి టపాలో వచ్చును. సాయంకాలము తాతగారు చావడిలో దానిని బిగ్గరగా చదువుదురు. పదిమంది చుట్టకాల్చుకొనుచు విందురు. చదివినదానికంటె తర్వాత జరుగు చర్చయే పెద్దదని ఆయన నవ్వుచు చెప్పెడివారు.

ఆ చర్చలో ఖలీఫా ప్రస్తావన రాలేదట. తురుష్కము ఎక్కడనున్నదో చావడిలో ఎవరికిని తెలియదు. వారిని కలవరపెట్టినది వేరు. ఆడపిల్లలను అంతదూరము, ఏడు సముద్రముల కీవలి కిచ్చు తల్లిదండ్రులెవరని మొదటి ప్రశ్న. ఇల్లు, ఊరు, దేశము పోయినవారు గనుక ఇచ్చియుందురని ఒక ముసలివాడు సమాధానము చెప్పెనట. అంతటితో చావడి నిశ్శబ్దమైనది. శంషాబాదు సమీపపు కాపువానికి తురుష్కదేశపు రాజు దుఃఖము ఆ ఒక్క మాటలో తెలిసిపోయినది. ఏ పత్రికలోను ఆ మాట అచ్చుపడలేదు.

రెండవ చర్చ తోరణములనుగూర్చి. పట్నములో మామిడాకులు, అరటిబోదెలు, పూలు కావలసివచ్చినవని, ఊరి బండ్లు కట్టించి పంపిరి. కిరాయి ఇచ్చుటకు ఆజ్ఞ యున్నదో లేదో గాని, మా యూరి బండ్లకు ముట్టలేదు. పంపించిన పెత్తందారు ఎవరో నాకు తెలిసినను పేరు చెప్పను. ఆయన మనుమలు నా శిష్యులు. వెట్టి కూడదని సర్కారు ఫర్మానులు లేకపోలేదు. ఫర్మాను నగరములో పుట్టి ఊరి పొలిమేర దాటకమున్నే ఆయువు తీరి పోయెడిది. బండివాడు మూడు దినములు పని చెడగొట్టుకొని తిరిగివచ్చి, దీపములు చూచితినని ఇంటిలో వర్ణించి చెప్పి, మరునాడు ఎడ్లకు గడ్డి అప్పు తెచ్చెనట. దీపములు చూచిన ఆనందము అబద్ధము కాదు. గడ్డి అప్పును అబద్ధము కాదు. రాజకుటుంబపు రాకకు ప్రజ లెట్లు స్పందించిరని ఎవరైన అడిగిన, నేను ఈ రెండింటిని కలిపి చెప్పుదును. ఒకటి విడిచిన రెండవది బొంకగును.

ఇక మా నాయనమ్మ చెప్పినది. ఆమెకు చదువు రాదు, జ్ఞాపకశక్తి మెండు. ఆ తరువాత కొన్ని నెలలకు ఏదో తీర్థమునకు పోయి వచ్చుచు పట్నములో బంధువులయింట దిగినప్పుడు, వీధిలో కారొకటి పోవుచుండగా పెద్దకోడలిని చూచితినని చెప్పెడిది. నిలువెత్తు మనిషి. జలతారు చీర. మొగముమీద ముసుగు లేదు. నవాబుల యింటి స్త్రీలు పరదాలు కట్టిన బండిలో పోవుటయే ఎరిగిన జనము నోరు తెరచి చూచుచుండిరట. మా నాయనమ్మ ప్రక్కన నిలిచిన ఒక ముసల్మాను వృద్ధురాలు చెవులు మూసికొని "తోబా తోబా" అనెను. వెంటనే వ్రేళ్లసందునుండి మరల చూచెనట. ఈ మాట చెప్పునప్పుడెల్ల మా నాయనమ్మ తన కొంగు మొగమునకు అడ్డము పెట్టుకొని ఆ చూపును అభినయించి చూపెడిది.

ఆ ముసుగులేమి ఊరకే పోలేదు. దుర్రు షెవారు, నీలోఫరు సభలకు పోయిరి, బహుమతులు పంచిరి, ఆసుపత్రులను బడులను చూచిరి. అంతకుముందే తెలుగునాట ఆంధ్రమహాసభతోపాటు మహిళాసభలు మొదలైయుండెను. జోగిపేటలో నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షురాలు. ఆడుపిల్లను బడికి పంపుమని ఆమెవంటివారు వేదికలమీద చెప్పిన మాటకు, రాజుగారి కోడలే ముసుగు తీసి తిరుగుచున్నదను వార్త పల్లెటూళ్లలో కొంత బలమైనది. మా మేనత్తను నాల్గవ తరగతివరకు చదివించుటకు ఇంటిలో వాదము జరిగినప్పుడు నాయనమ్మ ఈ సాక్ష్యమునే చూపెనట. రాజుగారి కోడండ్రకు చూపబడినంత చనువు సామాన్యపు కోడండ్రకు దొరకునా యని తాతగారు సందేహించిరి. కాని పలక కొనితెచ్చిరి.

తరువాతి కథ తొందరగా చెప్పెదను. 1933 అక్టోబరు 6వ తేదీన దుర్రు షెవారు తన తండ్రి యున్న నీసు పట్టణముననే పెద్దకుమారుని కనెను. అతడే ముకర్రం జాహి. తొలికాన్పు పుట్టినింట జరుగుట మన ఆచారమునకును సరియే. చిన్నకోడలికి సంతానము కలుగలేదు. 1949లో ఆమె యింటి పరిచారిక యొకతె ప్రసవవేదనలో వైద్యము చాలక మరణింపగా, నీలోఫరు పట్టుపట్టినందున తల్లులకు బిడ్డలకు ఆసుపత్రి లేచినది. మీలో ఎందరో మనుమలను ఎత్తుకొని నీలోఫరు దవాఖానాకు పోయియుందురు. ఆ పేరుగల యామె పారిసులో 1989లో గతించినదని, కన్నబిడ్డ లేకయే గతించినదని అక్కడ వరుసలో కూర్చున్నవారికి తెలియదు. పురానీ హవేలీలో పెద్దకోడలి పేరను పిల్లల ఆసుపత్రి గలదు. బేగంపేట విమానాశ్రయ భవనమును ప్రారంభించినదియు ఆమెయే. ముఅజ్జం జాహి పేరు అంగడియై మిగిలినది. 1935లో కట్టిన ఆ మార్కెట్టులో రాతి గడియారపు స్తంభము ఇప్పటికిని నిలిచియున్నది.

ఖిలాఫతు దక్కనుకు వచ్చునన్న లెక్క ఏమైనది? ఖలీఫా 1944లో పారిసులో పరమపదించెను. ఖుల్దాబాదులో ఆయనకొఱకు నిజాము కట్టించిన సమాధి ఖాళీగానే మిగిలినది. పదియేండ్లకు ఆయనను మదీనాలో ఖననము చేసిరి. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము భారతదేశమున చేరినది. 1949లో జాగీరులు రద్దయినవి; శంషాబాదు ప్రభువులలో సూర్యునిది కాకపోయినది. 1967లో ఉస్మాన్ అలీఖాన్ గతించినప్పుడు కొడుకును కాదని మనుమని వారసునిగా చేసిరి. ఆ మనుమడు ఆస్ట్రేలియాలో గొఱ్ఱెలు మేపించెను, తురుష్కములో వార్ధక్యము గడపెను. దుర్రు షెవారు 2006 ఫిబ్రవరిలో లండనులో కన్నుమూసెను.

2023 జనవరి 14వ తేదీన ముకర్రం జాహి ఇస్తాంబులులో మరణించిరి. 17వ తేదీ సాయంకాలము ఆయన దేహమును ప్రత్యేక విమానములో తెచ్చి ఇచ్చట, శంషాబాదులో దింపిరి. ఏ నగరమునుండి 1924లో తల్లిని వెడలగొట్టిరో ఆ నగరమునుండియే కొడుకు కడపటి ప్రయాణము. ఆ దినమున మా వీధిపిల్లలు సెల్లుఫోనులు పట్టుకొని పెద్దరోడ్డునకు పరుగెత్తిరి. నేనును పోయితిని, మోకాళ్ల నొప్పి యుండియు పోయితిని. పోలీసు బండ్లు, వాని వెనుక వాహనములు గబగబ సాగిపోయినవి. పత్రికలవారు చౌమహల్లాకు పోయిరి. అక్కడ వేలకొలది జనము వరుసలు కట్టి చూచిరి. మరునాడు సర్కారు లాంఛనములతో మక్కా మసీదులో తండ్రి ప్రక్కనే ఆయనను ఉంచిరి. కొన్ని పత్రికలు సంపదలను లెక్కవేసినవి. కొన్ని మత విషయములు వ్రాసినవి. టీవీలలో వాదములు జరిగినవి. ఈమారు ఎవరిని ఎవరును నోరు నొక్కలేదు. అందరును అన్నియు అనిరి.

రోడ్డు ప్రక్కన నా సరసన నిలిచినవాడు నే మొదట చెప్పిన ఆ పెద్దమనిషియే. విమానాశ్రయములో నేల పోయినవాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకొని, వాహనము కనుమరుగైనదాక నిలుచుండెను. తరువాత నన్ను చూచి, ఆ తల్లి ఈయనను ఎక్కడ కన్నదని అడిగెను. నీసులో అంటిని. అది ఎంతదూరమని అడిగెను. ఓడమీద రెండు వారములకు పైగా నంటిని. ఆయన మరి మాటలాడక తలపాగా చుట్టుకొని ఇంటిదారి పట్టెను.